చూసీ చూడనట్టుండే నగరంలో దొరికిపోయినప్పుడు

ఉద్యోగం కోసం పెద్ద నగరానికి వచ్చి మూడు నెలలైందని రాశారు. వెనకాల ఎవరికో ఊపిన చేతికి మీరు చెయ్యూపడం, "ఉంటానండీ" అని సెలవు తీసుకున్న మనిషి పక్కనే మళ్లీ అర కిలోమీటరు నడవాల్సి రావడం, లిఫ్టులో ఊపిరి బిగబట్టి అంకెలు చూస్తూ నిలబడటం ఈ మూడు నెలల్లో లెక్కలేనన్నిసార్లు జరిగాయన్నారు. ఇదంతా మీ ఒక్కరికేనా, అలవాటు పడటానికి ఎన్నాళ్లు పడుతుంది అని మీ ప్రశ్న.

మీ ఒక్కరికే కాదు, అందరికీ జరుగుతుంది. ఊరడింపుకి అనడం లేదు, కళ్లారా చూశాను. పందొమ్మిదేళ్లు ఎత్తైన ఆఫీసు భవనాల్లో ఫెసిలిటీ మేనేజరుగా పనిచేశాను. అంటే లిఫ్టులు, తలుపులు, దీపాలు, నీళ్లు, ఏసీ, రిసెప్షన్, సీసీ కెమెరాలు. మనిషి ఇంట్లో ఒకలా ఉంటాడు, ఆఫీసులో తన కుర్చీలో కూర్చున్నాక ఇంకోలా ఉంటాడు. గేటు దగ్గర్నుంచి ఆ కుర్చీ దాకా పట్టే ఎనిమిది పది నిమిషాలు ఎలా ఉంటాడో చూడటమే నా ఉద్యోగంలో సగం. ఇక అలవాటు సంగతంటారా, పడరు. నేనూ పడలేదు. ఎందుకు పడమో చెప్పడానికే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

"చూసీ చూడనట్టు" అని మనకో మాట ఉంది కదా. ఎవరి తప్పునో పోనీలే అని వదిలేసినప్పుడు వాడతాం. మహానగరం మొత్తం ఆ ఒక్క మాట మీదే నడుస్తుంది. అమెరికన్ సమాజశాస్త్రవేత్త అర్వింగ్ గాఫ్మన్ 1963లో ఈ పద్ధతిని విడమరిచి చెప్పాడు. వీధిలో ఎదురొస్తున్న కొత్తమనిషిని సుమారు ఎనిమిది అడుగుల దూరం దాకా ఓసారి చూస్తాం. నువ్వున్నట్టు గమనించాను అని చెప్పడం అది. ఆపైన చూపు దించేసుకుంటాం. నీతో నాకు పని లేదు, నా వల్ల నీకు భయమూ లేదు అని చెప్పడం ఇది. బళ్లు ఎదురెదురుగా వచ్చేటప్పుడు దీపాలు తగ్గించుకున్నట్టు అన్నాడాయన. రోజుకి వెయ్యి మొహాలు ఎదురయ్యే చోట ప్రతి మొహాన్నీ పలకరిస్తూ పోతే ఆఫీసుకి చేరేసరికి మర్నాడవుతుంది.

ఇదేమీ అనాదిగా వస్తున్న విద్య కూడా కాదు. జర్మన్ సమాజశాస్త్రవేత్త గేఆర్గ్ జిమ్మెల్ 1908లోనే ఒక ముచ్చటైన సంగతి గమనించాడు. పందొమ్మిదో శతాబ్దంలో బస్సులు, రైళ్లు, ట్రాములు వచ్చేదాకా మనుషులకి ఒకరికెదురుగా ఒకరు కూర్చుని, నోరు విప్పకుండా, నిమిషాల తరబడీ గంటల తరబడీ ఒకరి మొహం ఒకరు చూసుకోవాల్సిన అవసరమే రాలేదట. అంటే సుమారు రెండు వందల ఏళ్ల నాటి చదువిది. అందులో అప్పుడప్పుడు తప్పితే మీ తెలివితక్కువేం లేదు.

తప్పినప్పుడే నవ్వు పుడుతుంది. నేను చూసినంతలో నగరంలో నవ్వొచ్చే సంఘటనల్లో నూటికి తొంభై ఒకటే రకం. ఇద్దరు మనుషులు ఒకరినొకరు చూడనట్టు నటిస్తుంటారు, ఏదో ఒకటి జారుతుంది, ఇద్దరూ నటిస్తున్నారని ఇద్దరికీ ఒకేసారి తెలిసిపోతుంది.

లిఫ్టు సంగతి ముందు చెబుతాను, నా కష్టాల్లో ముప్పాతిక వంతు అందులోనే పుట్టాయి కనక. మనుషులు తమ చుట్టూ ఎంత చోటు ఉంచుకుంటారో అమెరికన్ మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్ 1966లో లెక్కకట్టాడు. ఆయన చూసిన అమెరికన్లలో సుమారు 45 సెంటీమీటర్ల లోపు చోటు బాగా దగ్గరివాళ్లకే. ఏ దేశంలో ఈ లెక్క ఎంతైనా, లిఫ్టులో ఆ చోట్లోకి అకౌంట్స్ విభాగం మొత్తం వచ్చి నిలబడుతుంది. మనం దూరం జరగలేం కాబట్టి చూపుని దూరం జరుపుతాం. అందుకే అందరూ తలుపు పైనున్న అంకెల వంక అంత శ్రద్ధగా చూసేది, ఇవాళ ఏడు తర్వాత ఎనిమిది కాక ఇంకేదన్నా వస్తుందేమో అన్నట్టు.

ఒక భవనంలో లిఫ్టు ఆలస్యమని వారానికి పదిహేను ఫిర్యాదులు వచ్చేవి. కొత్త మోటారుకి యాజమాన్యం ఒప్పుకోలేదు. లిఫ్టు తలుపుల పక్కన నిలువెత్తు అద్దాలు పెట్టించాం, మా పనిలో పాత చిట్కా అది. లిఫ్టు వేగం ఒక్క సెకను కూడా పెరగలేదు గానీ ఫిర్యాదులు రెండు మూడుకి దిగాయి. జుట్టు సర్దుకుంటూ, వచ్చిన లిఫ్టు వెళ్లిపోయినా చూసుకోనివాళ్లు మాత్రం కొత్తగా తయారయ్యారు. వాళ్లెవరూ ఫిర్యాదు చేయలేదు.

అదే భవనంలో ఆరో అంతస్తులో పనిచేసే ఒకావిడ నన్ను కనబడ్డప్పుడల్లా నిలదీసేవారు. "నేను కిందికి దిగాలని నిలబడితే ప్రతిసారీ పైకెళ్లే లిఫ్టే వస్తుంది. మా అంతస్తు మీద మీకేమన్నా కోపమా?" నేను నవ్వి తప్పుకునేవాణ్ణి. చాలా ఏళ్లకి తెలిసింది, ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. 1950ల్లో జార్జ్ గామోవ్, మార్విన్ స్టెర్న్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక ఏడంతస్తుల భవనంలో పనిచేసేవారు. గామోవ్ గది రెండో అంతస్తు, స్టెర్న్ గది ఆరు. స్టెర్న్ దగ్గరికి వెళ్దామని గామోవ్ నిలబడితే ఆరుసార్లలో ఐదుసార్లు ముందొచ్చేది కిందికెళ్లే లిఫ్టే. గామోవ్ దగ్గరికి దిగుదామని స్టెర్న్ నిలబడితే ముందొచ్చేది దాదాపు ఎప్పుడూ పైకెళ్లేదే. ఇద్దరూ కూర్చుని లెక్క తేల్చారు. ఆరో అంతస్తుకి పైన ఒక్క అంతస్తే ఉంది, కింద ఐదున్నాయి. మీట నొక్కిన క్షణాన లిఫ్టు కిందెక్కడో ఉండటానికే అవకాశం ఎక్కువ. కిందున్నది మన దగ్గరికి రావాలంటే పైకే వస్తుంది మరి. ఈ లెక్క తెలిసిన రోజున ఆవిడకి కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పాను. అంతా ఓపిగ్గా విని, "అయితే మీకు ముందే తెలుసన్నమాట" అన్నారు.

తలుపు మూసే మీట రహస్యం కూడా చెప్పేస్తాను, రిటైరయ్యాను కాబట్టి. నేను చూసుకున్న రెండు భవనాల్లో, లిఫ్టుని మా మనిషి తాళంచెవితో తన చేతిలోకి తీసుకున్నప్పుడే ఆ మీట పనిచేసేది. మిగతా వేళల్లో అది ఉత్త అలంకారం. పరిగెత్తుకుంటూ వస్తున్న సహోద్యోగిని చూసి గబగబా ఆ మీట నొక్కి, తలుపు మూసుకోక, ఆ మనిషి లోపలికొచ్చి మీట మీదున్న వేలుని చూశాక "మీకోసం తెరుద్దామని..." అని నసిగిన వాళ్లని కెమెరాలో ఎంతమందిని చూశానో. మీరూ ఎప్పుడన్నా ఆ పని చేసుంటే మనసులో పెట్టుకోకండి. మీట పనిచేయలేదు, నేరం జరగలేదు.

కెమెరా అన్నాను కాబట్టి ఇదొక్కటి చెప్పాలి. పోయిన హెల్మెట్టో, గీతపడ్డ గోడో ఉంటే పాత ఫుటేజీ తిప్పి చూడాల్సొచ్చేది. లిఫ్టులో తక్కినవాళ్లంతా దిగిపోయి ఒక్కడే మిగిలిన మరుక్షణం మనిషి మారిపోతాడు. పైన కెమెరా ఉందని తెలిసినవాళ్లు కూడా. పళ్లు చూసుకుంటారు, పొట్ట లోపలికి పీల్చుకుంటారు, రెండడుగులు చిందేస్తారు. ఒకాయన వరసగా నాలుగు రోజులు పొద్దున్నే అద్దంలోకి వేలు చూపిస్తూ ఏదో గట్టిగా అడుగుతున్నాడు. కెమెరాకి మైకు లేదు కాబట్టి మాటలు తెలియవు, కానీ నిలబడ్డ తీరు చూసి జీతం సంగతేనని మా సెక్యూరిటీ వాళ్లు తేల్చేశారు. ఐదో రోజు లిఫ్టు మూడో అంతస్తులో ఆగింది, ఆయన పై అధికారే ఎక్కాడు. ఎత్తిన వేలు ఎత్తినట్టే ఉంది. దాన్నేం చేయాలో తోచక దాన్నలాగే పైకెత్తి కప్పులో ఉన్న దీపం వైపు చూపించాడు. అధికారి కూడా తల పైకెత్తాడు. ఇద్దరూ పదకొండో అంతస్తు దాకా ఆ దీపాన్నే చూస్తూ వెళ్లారు. మధ్యాహ్నం నాకు ఫోనొచ్చింది, లిఫ్టులో దీపానికేదో అయిందట, చూడండని. వెళ్లి చూశాను, సరిచేశామని పుస్తకంలో రాసి సంతకం పెట్టాను. ఆ ఫుటేజీ మర్నాడే పాత ఫైళ్లతో పాటు పోయింది. ఆయనకి జీతం పెరిగిందో లేదో తెలియదు.

గుండ్రంగా తిరిగే తలుపులున్న భవనంలో పనిచేస్తుంటే అక్కడా ఒక గండం ఉంది. ఫిలడెల్ఫియాలో థియోఫిలస్ వాన్ కానెల్ అనే ఆయన 1888లో ఆ తలుపుకి పేటెంటు తీసుకున్నాడు. ఎత్తైన భవనాలకి అది నిజంగానే వరం. చలికాలంలో లోపలి వెచ్చటిగాలి పైపైకి ఎక్కుతూ కిందనుంచి చలిగాలిని గుంజుతుంది, మామూలు తలుపైతే తెరిచిన ప్రతిసారీ ఊదేస్తుంది. తిరిగే తలుపు మనుషుల్ని పంపిస్తూనే గాలికి మూసే ఉంటుంది. ఒక అరలో ఒక మనిషి అన్నది ఆ తలుపు ధర్మం. తొందరలో ఇద్దరు కొత్తవాళ్లు ఒకే అరలో దూరారంటే ఇక బయటపడేదాకా ఒకరి మడమలు ఒకరు తొక్కకుండా పిల్లల ఆటలో రైలుపెట్టెల్లాగా పొట్టి పొట్టి అడుగులేయాల్సిందే. బయటికొచ్చాక చెరోవైపు ఎంత వడిగా నడిచిపోతారంటే, ఇద్దరూ కలిసి ఏదన్నా దొంగిలించారేమో అనిపిస్తుంది.

ఇక మీరడిగిన వీడ్కోలు సమస్య. సెలవు తీసుకోవడం అగ్గిపుల్ల లాంటిది, ఒక్కసారే వెలుగుతుంది. ఓసారి "ఉంటానండీ, మళ్లీ కలుద్దాం" అనేశాక ఇద్దరి దారీ ఒకటేనని తేలితే ఆ మిగతా నడకకి మాటలుండవు. ఇంకోసారి వీడ్కోలు చెబితే వెగటుగా ఉంటుంది, చెప్పకపోతే అలిగినట్టుంటుంది. నా ఎరికలో ఒకాయన ఇలాంటి చోట షూ లేసు కట్టుకునే నెపంతో కిందికి వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు. ఆయన బూట్లకి లేసుల్లేవు. దీనికి మందు ఒకటే, అదీ ముందే వేసుకోవాలి. సెలవు తీసుకునే ముందు "మీరెటు?" అని అడగండి. తర్వాత అడిగితే లాభం లేదు.

ఫుట్‌పాత్ మీద ఎదురొచ్చిన మనిషితో ఎడమకీ కుడికీ కలిసి ఊగడం మీరు రాయలేదు గానీ అదీ జరిగే ఉంటుంది. ఎదుటివాడు ఎటు తప్పుకుంటాడో అని అతని మొహంలోకి చూడటం వల్ల వచ్చేది అది. మీరు పోవాల్సిన చోటు వైపు చూడండి, ఆయన మీ చూపు పట్టుకుని రెండో వైపు పోతాడు.

దారి తప్పామని తెలిశాక కూడా నడివీధిలో టక్కున వెనక్కి తిరగలేకపోవడం ఉంది చూశారూ, నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే. ముందు ఆగుతాం. జేబు తడుముకుంటాం. ఫోను తీసి కనుబొమలు ముడిచి చూస్తాం. "అయ్యో, మర్చేపోయాను" అన్నట్టు తలాడిస్తాం. ఇవన్నీ అయ్యాకే తిరుగుతాం. ఒక మధ్యాహ్నం మా లాబీలో అరగంట సేపు లెక్కపెడితే పదకొండు మంది ఈ నాటకం ఆడారు. చూసిన ప్రేక్షకుణ్ణి నేనొక్కణ్ణే, నాకూ అది జీతమిచ్చే పని కాబట్టి చూశాను.

నిజంగానే ఎవరూ చూడరు. కోర్నెల్ విశ్వవిద్యాలయంలో థామస్ గిలోవిచ్, ఆయన సహచరులు 2000లో అచ్చేసిన ప్రయోగం ఉంది. వేసుకోవడానికి సిగ్గుపడే ఒక గాయకుడి బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి విద్యార్థిని నలుగురున్న గదిలోకి పంపారు. గదిలో సుమారు సగం మంది తన టీషర్టు గమనించి ఉంటారని ఆ విద్యార్థులు అనుకున్నారు. తీరా అడిగితే గమనించింది పావువంతు మందే. మీరు ఎవరికో ఊపిన చేతికి చెయ్యూపినప్పుడు కూడా ఇదే లెక్క. ఎత్తిన చెయ్యిని తలమీదికి తీసుకెళ్లి జుట్టు సవరించుకున్నట్టు నటించనక్కర్లేదు. అది అందరికీ తెలిసిన ఎత్తు, పైగా బట్టతల వాళ్లకి అసలే కుదరదు. నేనైతే పూర్తిగా ఊపేస్తాను. అవతల మనిషి "ఈయనెవరా" అని ఓ నిమిషం ఆలోచించుకుంటాడు. ఆ నిమిషం బరువు ఆయన మీదే ఉంటుంది, మన మీద కాదు.

ఇప్పటిదాకా చెప్పినవి ఒక్కసారి కలిసి పోయే మనుషుల సంగతులు. అసలు రుచి రోజూ కనబడుతూ ఎప్పుడూ మాట్లాడని మనుషుల దగ్గరుంది. మీకీపాటికి ఇద్దరు ముగ్గురు తయారై ఉండాలి. అదే ప్లాట్‌ఫారం, అదే స్తంభం పక్కన, అదే సంచితో. ఒకరోజు రాకపోతే మనకి దిగులు. వచ్చాక మాత్రం పలకరించం. అమెరికన్ మనస్తత్వవేత్త స్టాన్లీ మిల్‌గ్రామ్ 1972లో వీళ్ల గురించే రాశాడు. పొద్దున్నే రైలు కోసం నిలబడ్డవాళ్లని ఆయన విద్యార్థులు ఫొటోలు తీసి, తర్వాత ఆ ప్రయాణికులకే పంచి, ఇందులో ఎవరెవరు తెలుసని అడిగారు. దాదాపు 90 శాతం మందికి మొహం తెలిసి మాట తెలియనివాళ్లు కనీసం ఒకరైనా ఉన్నారు. సగటున ఒక్కొక్కరికి అలాంటివాళ్లు నలుగురు, మాటలు కలిపినవాళ్లు ఒకటిన్నర మంది. ఆ అర మనిషి ఎవరో గానీ పాపం, వాతావరణం గురించి సగం వాక్యం మాట్లాడి ఉంటాడు.

మిల్‌గ్రామ్ చెప్పినదాంట్లో నాకు గుర్తుండిపోయినవి రెండు. బ్రూక్లిన్ వీధిలో ఒకామె స్పృహతప్పి పడిపోతే, ఏళ్ల తరబడి ఆమెని చూస్తూ ఎన్నడూ పలకరించని మరొకామె అంబులెన్సు పిలిపించి, ఆసుపత్రి దాకా తానే వెంట వెళ్లింది. అడిగితే, ఇన్నేళ్లుగా చూస్తున్న మనిషి కదా, బాధ్యత అనిపించిందని చెప్పింది. రెండోది, ఇలాంటి మనుషులు రోజూ కలిసే చోటుకి ఎంత దూరంలో ఎదురుపడితే మాట్లాడుకునే అవకాశం అంత పెరుగుతుందని. ఈ రెండో మాట కాస్త గుర్తుంచుకోండి, నాకు దానితో పనుంది.

పలకరించడం అంత కష్టమా అంటే, కష్టమే. ఈ మిల్‌గ్రామే ఆ రోజుల్లో తన విద్యార్థుల్ని న్యూయార్క్ భూగర్భ రైళ్లలోకి పంపి, కూర్చున్నవాళ్లని ఏ కారణం చెప్పకుండా "మీ సీటు ఇస్తారా?" అని అడగమన్నాడు. 68 శాతం మంది లేచారు లేదా జరిగి చోటిచ్చారు. నిలబడి పుస్తకం చదవలేకపోతున్నానని చిన్న సాకు చెబితే అది 42కి పడిపోయింది. విద్యార్థులు ఈ పని మా వల్ల కాదని గోలపెడుతుంటే తనే వెళ్లాడట. ఒక ప్రయాణికుడి ముందుకెళ్లేసరికి మాట గొంతులోనే ఆగిపోయింది. చివరికెలాగో అడిగి, సీటు దొరికి కూర్చున్నాక, అడిగినందుకు తగ్గట్టు నీరసంగా కనబడాలనిపించి తల మోకాళ్ల మధ్యకి వాల్చేశాడు. ఆయనే అంత అవస్థ పడితే మీరూ నేనూ ఎంత?

మన భాషకి ఇక్కడొక సుళువు ఉంది. "ఏమండీ", "రండి", "బావున్నారా అండీ" అంటూ పేరు తెలియకుండానే ఎంతకాలమైనా నెట్టుకురావచ్చు. ఆ సుళువే కొంప ముంచుతుంది. మొదటి వారంలో పేరడగొచ్చు, మొదటి నెలలో నవ్వుతూ మళ్లీ అడగొచ్చు, ఏడాది దాటాక మాత్రం ఇక లేదు. నేను మూడేళ్లు రోజూ పది నిమిషాలు కబుర్లు చెప్పుకున్న ఒకాయన, ఫలానా భవనంలో మీ పనికి ఖాళీ ఉందని చెప్పాడు. సంతోషంగా దరఖాస్తు నింపుతూ "ఈ ఖాళీ గురించి మీకు చెప్పినవారి పేరు" అన్న గడి దగ్గర ఆగిపోయాను. పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఇలా కొద్దిపాటి పరిచయాల ద్వారా ఉద్యోగాలు రావడం కూడా వింతేం కాదు. అమెరికన్ సమాజశాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లో చూపించిన లెక్కల్లో, తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవారిలో తరచూ కలిసే మనిషి వల్ల దొరికింది 16.7 శాతం మందికే. ఎప్పుడో ఒకప్పుడు కలిసేవాళ్ల వల్ల 55.6 శాతం, అరుదుగా కలిసేవాళ్ల వల్ల 27.8 శాతం. ఆ గడిలో నేను చివరికి "మిత్రులు" అని రాశాను.

ఒకే ఒక్క విషయంలో మాత్రం హెచ్చరిక చేస్తాను. పరాయి నగరంలో మన భాష ఎవరికీ రాదనుకోకండి. అదీ ఫోనులో అసలు అనుకోకండి. ఫోనులో మాట్లాడేవాళ్ల పక్కన నిలబడితే చెవులు మూసుకోలేం. కోర్నెల్ విశ్వవిద్యాలయంలోనే 2010లో తేల్చారు, ఇద్దరి మాటలూ వినబడుతుంటే పట్టించుకోకుండా ఉండగలం గానీ ఒకవైపే వినబడితే మిగతా సగం ఏమై ఉంటుందా అని మనసు అటే పోతుంది, చేస్తున్న పని చెడుతుంది. అంటే లిఫ్టులో ఫోను మాట్లాడే మనిషికి అందులో ఉన్నవాళ్లంతా శ్రోతలే.

ఇది నాకే జరిగింది. అప్పట్లో నేనో పరాయి నగరానికి కొత్త. పొద్దున లిఫ్టులో రోజూ ఒక పెద్దాయన కనబడేవారు, చేతిలో ఎప్పుడూ పొడుగు గొడుగు. ఆ రోజు ఆకాశంలో మబ్బుతునక లేదు. మా అక్కతో ఫోనులో ఉన్నాను, లిఫ్టులో నేనూ ఆయనే. "ఏం లేదక్కా, ఇక్కడ గొడుగాయన అని ఒకడున్నాడులే. వాన లేదు, ఎండ లేదు, ఎప్పుడు చూడు గొడుగే. పుట్టడం కూడా గొడుగుతోనే పుట్టాడేమో" అన్నాను. అక్క పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. ఆయన అంకెలు చూస్తున్నారు. తొమ్మిదో అంతస్తులో తలుపు తెరుచుకుంది. బయటికి అడుగేసి, వెనక్కి తిరగకుండానే, తేట తెలుగులో అన్నారు: "సాయంత్రం వానుందటండీ. అక్కగారికి చెప్పండి."

తలుపు మూసుకుంది. ఆ వేళప్పుడు తలుపు మూసే మీట పనిచేయదని నాకు తెలిసినా రెండు సార్లు నొక్కానేమో కూడా.

సాయంత్రం నిజంగానే కుండపోత. లాబీలో యాభై మందిమి ఇరుక్కుపోయి గుమ్మం దగ్గర నిలబడ్డాం. ఆయన వచ్చారు, తీరిగ్గా గొడుగు విప్పారు, నా వైపు చూసి ఓ పక్కకి జరిగారు. స్టేషను దాకా ఒకే గొడుగు కింద నడిచాం. ఇద్దరం ఒక్క ముక్క మాట్లాడలేదు. నేను నోరు తెరవబోతే "పర్లేదు, నిజమే కదా" అన్నారు, అంతే. ఆ తర్వాత ఆరేళ్లు పొద్దున్నే తలూపుకోవడం, వాన రాబోతుంటే ఆయన గొడుగు కొంచెం పైకెత్తి చూపించడం, నేను సరేనన్నట్టు నవ్వడం. వాతావరణ వార్తలు వినడం మానేశాను. పేరు అడగలేదు, ఆయనా అడగలేదు.

తర్వాత నేను వేరే నగరానికి మారిపోయాను. ఓ నాలుగేళ్లకి, ఆ నగరమూ కాని ఈ నగరమూ కాని ఎక్కడో దూరాన ఒక రైల్వే స్టేషన్లో, జనంలోంచి గొడుగు కనబడింది. ఆ కింద ఆయన. పరిగెత్తుకెళ్లి చేతులు పట్టేసుకున్నాను. ఆయన నన్ను కావిలించుకున్నంత పని చేశారు. ఆరేళ్లలో మాట్లాడని మాటలన్నీ పదిహేను నిమిషాల్లో మాట్లాడుకున్నాం, పిల్లలు, మోకాళ్ల నొప్పులు, ఆ భవనంలో మార్చిన లిఫ్టులు. అక్కగారెలా ఉన్నారని కూడా అడిగారు. "ఉంటాను మరి" అని ఆయన, "ఉంటానండీ" అని నేను గట్టిగా చేతులు కలిపి విడిపోయి తిరిగాం.

ఇద్దరం ఒకే వైపు తిరిగాం.

ఇంత పరిచయం లేని మనిషినైతే ఏదోలా భరించేవాణ్ణి. అంత ఘనంగా వీడ్కోలు చెప్పుకున్నాక పక్కపక్కనే నడవడం నా వల్ల కాలేదు. టక్కున ఆగి, జేబు తడుముకుని, ఫోను తీసి, కనుబొమలు ముడిచి, ఏదో ముఖ్యమైన సందేశం చదువుతున్నట్టు నిలబడ్డాను, ఆయన్ని ముందుకు పోనిద్దామని. చాలినంత సేపయ్యాక మెల్లిగా తల ఎత్తి చూశాను. నాలుగడుగుల దూరంలో ఆయన, చంకలో గొడుగు పెట్టుకుని, ఫోను తీసి, కనుబొమలు ముడిచి చూస్తున్నారు.